కరాచి చేరని గాలి ఓడ

మా ధర్మపురి ప్రాంతంలో పెద్దలు విమానాన్ని ‘గాలిమోటరు’ అనేవారు. నా చిన్నతనంలో గోదావరి రేవులో స్నానాలు చేస్తున్నవారు పైన సన్నని రొద వినబడగానే తడిసిన తలలు పైకెత్తి, చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకొని, “గాలిమోటరు పోతున్నది” అనుకొనేవారు. తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక ఆ మాటను తరువాత ఎన్నోసార్లు తలపోసి చూశాను. ‘విమానం’ అనే సంస్కృతపదం కంటె అది వస్తుతత్త్వాన్ని బాగా పట్టుకొన్న మాట. మోటరు తిరిగినంతసేపే విమానం గాలిలో నిలుస్తుంది. మోటరు ఆగిందా, అది ఎక్కడో ఒకచోట నేలకు దిగవలసినదే.

కాని మోటరు ఆగినా గాలిలో తేలుతూ నిలువగల వాహనం కూడా ఒకప్పుడు ఉండేది. అది మన ఊళ్ళ మీదుగా ఎన్నడూ పోలేదు గనుక దానికి మన పల్లెలలో పేరు పుట్టలేదు. పడవ నీటిపై తేలినట్లు అది గాలిలో తేలేది. కాబట్టి ‘గాలి ఓడ’ అని పిలుచుకొందాము. అట్టి గాలి ఓడ ఒకటి ఇంగ్లండు నుంచి మన దేశానికి రావలసి ఉండినది. 1930 అక్టోబరులో బయలుదేరింది కూడా. రాలేదు. ఆ కథ చదువుతూ ఉంటే ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరచింది. ఆ ఓడను పట్టుబట్టి పంపించి, తానే అందులో ఎక్కి వచ్చిన మంత్రి క్రిస్టఫర్ థామ్సన్ పుట్టిన ఊరు నాసిక్. 1875లో ఒక సైనికోద్యోగి ఇంట అక్కడ జన్మించాడు. నాసిక్‌ను ఒరసి వచ్చిన నీళ్ళే నాందేడు, బాసరలు దాటి మా ధర్మపురి రేవుకు వస్తవి. అందుచేత ఆయనను పూర్తిగా పరాయివాడని అనుకోవడానికి నాకు మనసు రాలేదు.

గాలి ఓడ ఎట్లా ఎగురుతుంది? విద్యార్థులు చిన్న లెక్క చేసి చూడవచ్చు. ఒక ఘనమీటరు గాలి బరువు ఇంచుమించు 1.2 కిలోగ్రాములు. అంతే చోటును ఆక్రమించే ఉదజని, అనగా హైడ్రోజన్, 100 గ్రాములైనా తూగదు. ఆ రెండింటి తేడాయే అది మోయగల బరువు. ఒక్కొక్క ఘనమీటరుకు 1.1 కిలో అన్నమాట. ఇది చాలా కొంచెము. నూరుమంది మనుషులను, వారి మంచాలను, భోజనాల బల్లలను, ఇంజనులను, టన్నులకొలది నూనెను మోయవలెనంటే ఆ వాయువు ఒక కొండంత కావలె. అందుకే గాలి ఓడలు అంత పెద్దవి. లోహపు దూలాలతో ఎముకల గూడు వంటి చట్రము కట్టి, దానిలో వరుసగా వాయువు సంచులు అమర్చి, పైన బట్ట కప్పి, ఆ బట్టకు పూత పూసేవారు. సంచులను దేనితో చేసేవారో వింటే మన పాఠకులు ముక్కు మీద వేలు వేసుకొంటారు. పశువుల పేగులపై ఉండే పలుచని పొరలను లక్షలకొలది సేకరించి, శుభ్రపరచి, గుడ్డకు అంటించి చేసేవారు. వాయువు బయటికి పోకుండ నిలువరించడంలో ఆనాడు దానికి మించిన పదార్థము లేదు.

ఈ విద్యలో ముందు నడిచినవారు జర్మనులు. కౌంట్ జెప్పెలిన్ 1900 జూలైలో తన మొదటి ఓడను కాన్‌స్టాన్స్ సరస్సు మీద ఎగురవేశాడు. 1910 నాటికే అక్కడ డబ్బు తీసుకొని ప్రయాణికులను త్రిప్పసాగారు. ఇంగ్లండువారి ప్రారంభం అంత శుభంగా లేదు. నౌకాదళం కోసం కట్టిన మొదటి పెద్ద ఓడ 1911లో షెడ్డులో నుంచి బయటికి లాగుతుండగానే నడుము విరిగి, ఒక్కసారియైనా ఎగరకుండానే ముగిసింది. మొదటి ప్రపంచయుద్ధంలో తమ నేల మీద కూలిన జర్మను ఓడను పరీక్షించి, ఆ పోలికను కట్టుకొన్న ఆర్ 34 అనే ఓడ మాత్రం వారికి కీర్తి తెచ్చింది. 1919 జూలైలో అది స్కాట్లండు నుంచి న్యూయార్కు దగ్గరికి 108 గంటలలో చేరి, మళ్ళీ తిరిగి వచ్చింది. అట్లాంటిక్ మహాసముద్రాన్ని గాలిలో దాటి వెనుకకు తిరిగి వచ్చిన మొదటి వాహనం అదే. నేల మీద ఓడను కట్టివేయడం తెలిసినవారు లేక, ఒక అధికారి పారాషూటుతో ముందుగా దూకి ఆ ఏర్పాట్లు చూడవలసి వచ్చిందట. ఓడలో టికెట్టు లేని ప్రయాణికుడొకడు, పిల్లి ఒకటి కూడా దాగి వచ్చారని అంటే పిల్లలు ఈ కథను ఇక మరచిపోరు.

1921లో ఆర్ 36 అనే ఓడకు 50 మంది కూర్చుండే గది కట్టి ప్రయాణికుల ఓడగా తీర్చారు గాని, అది కొద్దికాలంలోనే దెబ్బతిని మూలపడింది. అదే సంవత్సరం ఆగస్టులో ఆర్ 38 హల్ నగరం దగ్గర ఆకాశంలోనే రెండుగా విరిగి, ఉన్న 49 మందిలో 44 మంది మరణించారు. ఇంతటితో ఆ ప్రయత్నం ఆగవలసినది. ఆగకపోవడానికి కారణం సామ్రాజ్యం.

లండను నుంచి బొంబాయికి ఆవిరి ఓడలో రెండు వారాలకు పైగా పట్టేది. ఆస్ట్రేలియా ఇంకా దూరం. సూర్యుడస్తమించని రాజ్యమని చెప్పుకొన్నా, ఆ రాజ్యం ఒక చివరి నుంచి ఇంకొక చివరికి జాబు చేరడానికి నెల పట్టేది. గాలి ఓడ అయితే నాలుగైదు రోజులలో ఇండియా చేరగలదని ఆశపడ్డారు. 1924లో మొదటి లేబరు ప్రభుత్వంలో విమానశాఖ మంత్రియైన థామ్సన్ రెండు పెద్ద ప్రయాణికుల ఓడలను కట్టించే పథకాన్ని చేపట్టాడు. వాటి కోసం ఈజిప్టులో ఇస్మాయిలియా వద్ద ఒక కట్టుగోపురం, మన కరాచి వద్ద మరొక కట్టుగోపురము, వాటితోపాటు బ్రహ్మాండమైన షెడ్డు లేచినవి. అప్పటికి కరాచి కూడా మనదే గదా!

రెండు ఓడలలో ఒకటైన ఆర్ 100ను వికర్స్ సంస్థకు చెందిన ఒక కంపెనీకి అప్పగించారు. రెండవది ఆర్ 101. దానిని కార్డింగ్టన్‌లోని ప్రభుత్వ కర్మాగారమే కట్టవలెను. జనం మొదటిదానిని పెట్టుబడిదారుల ఓడ అనీ, రెండవదానిని సోషలిస్టు ఓడ అనీ వేళాకోళం చేసేవారు. ఆర్ 100ను రూపొందించినవాడు బార్న్స్ వాలిస్. దాని లెక్కలు చూసిన నెవిల్ షూట్ నార్వే తరువాత నెవిల్ షూట్ అనే పేరుతో పేరుపొందిన నవలాకారుడైనాడు. ఇద్దరు పిల్లలకు ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి వేరువేరు గదులలో కూర్చోబెట్టినట్లున్నది ఈ పద్ధతి. అయితే ఇక్కడ ఒక బిడ్డకు మేనమామయే పరీక్షాధికారి.

ఇండియా ఎండలకు పెట్రోలు ఆవిరియై మంటలు లేస్తవేమోనని భయపడి, ఆర్ 101కు డీజిలు ఇంజనులు బిగించారు. అవి చాలా బరువైనవి. ఐదు ఇంజనులలో ఒకటి మొదట ఓడను వెనుకకు నడపడానికే తప్ప మరి దేనికీ పనికివచ్చేది కాదు. దానిని దారి పొడవునా ఊరకనే మోసుకొనిపోవలసిందే. ఆర్ 100కు పెట్రోలు ఇంజనులే ఉండినవి గనుక దానిని చల్లని కెనడాకు, ఆర్ 101ను వేడి ఇండియాకు పంపాలని నిశ్చయమైంది. అంటే మన వేసవి ఎండ ఇంగ్లండులోని ఒక కర్మాగారంలో ఒక ఓడ బరువును పెంచిందన్నమాట.

ఆర్ 101 మొదటిసారి 1929 అక్టోబరు 14న ఎగిరింది. చూపులకు అద్భుతమైన వస్తువు. 60 మంది ఒక్కసారి కూర్చుండి తినగల భోజనశాల, విశాలమైన హాలు, కిటికీల వెంట షికారు చేయడానికి వసారాలు, ఉదజని సంచుల క్రిందనే చుట్ట త్రాగడానికి ఒక గది కూడా ఉండినవి. అయితే అది మోయవలసిన బరువు మోయలేకపోయింది. ఇంధనానికి, మనుషులకు, సామానుకు 60 టన్నుల వరకు మిగులుతుందని ఆశించగా, తూచి చూస్తే మిగిలినది 35 టన్నులు. అంత బరువుతో కరాచి చేరడం కల్ల.

అప్పుడేమి చేశారు? సంచులకు మరికొంత వాయువు పట్టించడానికి వాటిని బిగించి ఉంచిన వలలను వదులు చేశారు. దానితో ఉబ్బిన సంచులు చట్రము దూలాలకు, మేకులకు రాసుకొని చిల్లులు పడసాగినవి. రాసుకొన్న చోట్లనెల్లా మెత్తలు చుట్టారు. అవి వందలు దాటి వేలైనవి. ఆ ఓడను తనిఖీ చేసే మెక్‌వేడ్ అనే ఉద్యోగి 1930 జూలైలో పై అధికారులకు జాబు వ్రాశాడు. ఇట్లా మెత్తలు చుట్టడం తనకు సమ్మతం కాదని, ఈ స్థితిలో దీనికి ఎగిరే అనుమతిని పొడిగించవలసిందిగా తాను సిఫారసు చేయలేనని దాని సారాంశము. ఓడ బాధ్యత వహించిన అధికారులను సంజాయిషీ అడిగితే, మెత్తలతో సరిపోతుందని వారు బదులు చెప్పారు. ఆ బదులుతో అందరూ తృప్తిపడ్డారు. ఈ కథలో నాకు నచ్చినవాడు ఆ మెక్‌వేడ్ ఒక్కడే. పై బట్ట కూడా చివుకుతూ ఉండేది. ఆ జూనులో గోపురానికి కట్టి ఉన్న ఓడ మీద చీలిక సుమారు 140 అడుగుల పొడవున పడింది.

చివరకు ఓడను నడుమ కోసి, కొత్త ముక్కను అతికి, పొడవును 777 అడుగులకు పెంచారు. వాయువు 55 లక్షల ఘనపుటడుగులైంది. మన పుష్పకవిమానంలో ఎందరెక్కినా ఇంకొకరికి చోటు ఉంటుందని కథ. ఈ పుష్పకానికి అట్టి వరము లేదు. పెంచినకొలదీ కొత్త బరువు, కొత్త సందేహాలు వచ్చినవి. ఇంతలో ఆర్ 100 జూలై 29న బయలుదేరి 79 గంటలలో కెనడా చేరి, ఆగస్టు నడుమ క్షేమంగా తిరిగివచ్చింది. పోటీలో ఉన్న పిల్లవాడు ముందే జవాబుపత్రం ఇచ్చి పోయినట్లైంది. కార్డింగ్టన్ వారి మీద ఒత్తిడి ఎంత పెరిగి ఉంటుందో ఊహించవచ్చు.

థామ్సన్‌కు తేదీ ముఖ్యము. అక్టోబరులో లండనులో సామ్రాజ్య ప్రధానుల సమావేశం. ఇండియాకు వెళ్ళి, 20వ తేదీకల్లా తిరిగి వచ్చి ఆ సభలో కాలుపెట్టవలెనని ఆయన కోరిక. ఆయన తరువాతి వైస్రాయి కాగలడని కూడా అప్పుడు అనుకొనేవారు. అదే సంవత్సరం ఇక్కడ దండియాత్ర జరిగి, వేలమంది జైళ్ళలో ఉన్నారన్న విషయం గుర్తుంచుకొంటే, ఆకాశంలో దిగివచ్చే ఆ ఓడ ఎవరికి ఏమి చూపించవలసి ఉండెనో తెలుస్తుంది. మరమ్మతు అయిన ఓడను అక్టోబరు 1న ఒక్కసారి, సుమారు 17 గంటలు, ప్రశాంతమైన గాలిలో నడిపి చూశారు. ఒక ఇంజనులో నూనె చల్లబరచే సాధనం చెడిపోగా పూర్తి వేగపు పరీక్ష జరుగలేదు. ఆ పరీక్షను ఇండియా ప్రయాణంలోనే జరుపుకొమ్మని చెప్పి అర్హతాపత్రం ఇచ్చారు. పాఠాలు పూర్తికాకముందే తనిఖీ తేదీ వచ్చిపడ్డప్పుడు ఉపాధ్యాయులమైన మనం చేసే సర్దుబాట్లు నాకు ఇక్కడ జ్ఞాపకం వచ్చినవి. మన సర్దుబాట్ల వల్ల ఎవరి ప్రాణమూ పోదు గాని, మనసు చేసే పని ఒక్కటే.

1930 అక్టోబరు 4, శనివారం సాయంకాలం 6 గంటల 36 నిమిషాలకు వానలో ఓడ కదిలింది. లోపల 54 మంది. వారిలో ప్రయాణికులు 12 మంది; మిగిలినవారు నడిపేవారు. మంత్రి థామ్సన్, పౌరవిమానశాఖ సంచాలకుడు సెఫ్టన్ బ్రాంకర్, ఓడను రూపొందించిన రిచ్‌మండ్, ఆర్ 34ను అట్లాంటిక్ దాటించిన స్కాట్ అందరూ అందులోనే ఉన్నారు. ఒక్కొక్క సేరు బరువు కోసం తన్నుకులాడిన ఆ ఓడలోకి మంత్రిగారి పెట్టెలతోపాటు ఒక పర్షియా తివాచీ కూడా ఎక్కింది. పైకి లేవడానికి టన్నులకొలది తూకపు నీటిని క్రిందికి వదిలివేయవలసి వచ్చింది. వాన నీరు బట్టను తడిపి బరువు ఇంకా పెంచింది. గాలి ఎదురు.

లండను మీదుగా, సముద్రం దాటి, ఫ్రాన్సు నేల మీదికి చాలా తక్కువ ఎత్తులో వచ్చింది. రాత్రి 2 గంటలకు కాపలా మారింది. బోవే పట్టణం సమీపంలో ఓడ ముక్కు ఒక్కసారి క్రిందికి వంగి, తిరిగి లేచి, మళ్ళీ వంగింది. 2 గంటల 9 నిమిషాలకు అలోన్ అనే పల్లె ప్రక్కన కొండవాలును తాకింది. పెద్ద దెబ్బ కూడా కాదు. ఇంచుమించు మెల్లగానే నేలకు ఆనిందని బ్రతికినవారు చెప్పారు. మరుక్షణం ఉదజని అంటుకొన్నది. 48 మంది చనిపోయారు. మిగిలినవారు ఆరుగురు. వారిలో బింక్స్, బెల్ అనే ఇద్దరు ఇంజను గదిలో ఉండగా పైనున్న తూకపు నీటితొట్టి పగిలి వారి మీద నీరు కుమ్మరించి కాపాడింది. లీచ్ అనే మేస్త్రీ చుట్ట త్రాగే గదిలో నుంచి గోడ చీల్చుకొని బయటపడి, తిరిగి మంటలలోకి పోయి తోడివానిని తెచ్చాడు.

తరువాత జరిగిన న్యాయవిచారణకు అధ్యక్షుడెవరో తెలుగు పాఠకులకు చెప్పగానే గుర్తుపడతారు. సర్ జాన్ సైమన్. 1928 ఫిబ్రవరిలో ‘సైమన్, తిరిగి పో’ అని మన దేశమంతా నల్లజెండాలతో కేకలు వేసినది ఆయన కమిషన్‌ను చూసే. మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులు తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపినది ఆ సందర్భంలోనే. ఇండియా రాజ్యాంగ విషయంలో ఆయన తీర్పు మనకు నచ్చలేదు గాని, గాలి ఓడ విషయంలో ఆయన చెప్పినది న్యాయంగానే ఉన్నదని నా అభిప్రాయం. ఓడ ముందుభాగంలోని సంచి నుంచి వాయువు పోవడమే ప్రమాదానికి దగ్గరి కారణమని 1931 నివేదికలో తేల్చాడు. రాజకీయ ప్రయోజనాలు అంత అవసరంగా తోచకపోయి ఉంటే ఆ సాయంకాలం ఓడ బయలుదేరి ఉండేది కాదని కూడా మర్యాదగా సూచించాడు. నెవిల్ షూట్ 1954లో ‘స్లైడ్ రూల్’ అనే తన స్వీయచరిత్రలో ఇంకా కటువుగా వ్రాశాడు. అది పోటీలో ఉన్న పక్షంవాని సాక్ష్యమని మరచిపోకుండా చదవవలెను. ఆర్ 101 కట్టినవారు దొంగలు కారు, మూర్ఖులు కారు. వారిలో పెద్దలనదగినవారు దానినే నమ్మి, అందులోనే ప్రయాణించి, అందులోనే కాలిపోయారు.

ఆర్ 100 ఏ తప్పూ చేయలేదు. అయినా దానిని 1931లో విరగగొట్టి, తుక్కు క్రింద 600 పౌండ్లకు లోపే అమ్మివేశారు. కరాచిలో నల్లగా నిలిచిన షెడ్డు లోపలికి ఒక్క గాలి ఓడ కూడా రాలేదు. 1960లలో దానిని తొలగించారు. నిజానికి ఆర్ 101 కదలకముందే, 1929 మార్చి నుంచే, మామూలు విమానాలు లండను నుంచి కరాచికి ఏడు రోజులలో టపా తెస్తున్నవి. 1932 అక్టోబరు 15న అదే డ్రిగ్ రోడ్డు మైదానం నుంచి జె. ఆర్. డి. టాటా ఒక చిన్న విమానంలో జాబుల సంచులు వేసుకొని బొంబాయికి వచ్చాడు. అక్కడి నుంచి ఆ టపా బళ్ళారి మీదుగా మద్రాసు చేరింది. ఆ ఖాళీ షెడ్డు నీడ దాటుకొని గాలిమోటరు మన దక్షిణాదికి వచ్చిందన్నమాట. వాలిస్ తరువాత వెల్లింగ్టన్ యుద్ధవిమానానికి బుట్ట అల్లిక వంటి చట్రాన్ని రూపొందించాడు. కార్డింగ్టన్ షెడ్లు ఇప్పటికీ నిలిచి ఉన్నవి. 2016లో హీలియంతో తేలే కొత్త ఓడ ఎయిర్‌లాండర్ అక్కడి నుంచే ఎగిరింది.

గాలి కంటె తేలికైన వాహనం మన తెలుగునేలకు ఆలస్యంగా, వేరొక రూపంలో వచ్చింది. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు 1969లో హైదరాబాదులో బెలూను కేంద్రాన్ని నెలకొల్పారు. ఇంజను లేదు, మనుషులు లేరు. పలుచని ప్లాస్టిక్ సంచి, దానిలో అదే ఉదజని, క్రింద వ్రేలాడే పరికరాలు. 2005 ఏప్రిలులో అక్కడి నుంచి ఎగురవేసిన బెలూను పరిమాణం 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులు. ఆర్ 101కు ఇంచుమించు ఐదు రెట్లు. అయినా అది మోసినది 459 కిలోలు మాత్రమే. ఎందుకో విద్యార్థులు ఆలోచించవలె. అది చేరిన 41 కిలోమీటర్ల ఎత్తున గాలి ఎంతో పలుచన. తేలడానికి ఆనుకొనే గాలియే లేనప్పుడు ఎంత పెద్ద సంచియైనా ఎంత మోయగలదు? ఆ ప్రయోగంలో దొరికిన గాలి నమూనాలలో అంతకుముందు తెలియని మూడు సూక్ష్మజీవులను గుర్తించినట్లు 2009లో ప్రకటించారు. అందులో ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టారు.

ఇట్టి బెలూనులు ఎగిరే కాలంలో తెలంగాణ జిల్లాల పత్రికలలో ప్రకటన వస్తుంది. పొలాలలో పారాషూటు, పెట్టె పడితే ముట్టవద్దని, పోలీసులకు తెలుపవలెనని. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లాలో ఒక పొలంలో పెద్ద గూడు వంటి వింత వస్తువు దిగగా జనం గుంపులుగా చేరారు. ఏ లోకం నుంచి వచ్చిందోనని పుకార్లు పుట్టినవి. విచారిస్తే, ప్రయాణికులను బెలూనులో ఎత్తైన ఆకాశానికి తీసుకొనిపోదలచిన ఒక స్పెయిను సంస్థ హైదరాబాదు నుంచి పరీక్షగా పంపిన గది అని తేలింది. అందులో ఎవరూ లేరు. మనుషులను ఎక్కించకముందు ఖాళీగా పంపి చూశారు. అది ఎప్పటికైనా మనుషులతో మా ధర్మపురి గోదావరి మీదుగా పోతే, రేవులో ఉన్నవారు దానికి ఏమి పేరు పెడతారో వినవలెనని నాకు కుతూహలంగా ఉన్నది. మోటరు లేదు గనుక గాలిమోటరు అనడానికి వీలుండదు.